ఈ కర్ర నీ కొలత కాదురా!

బంతి గుంతలో పడకపోతే తప్పు చేతిదా, కర్రదా? ఒంగోలు వరండాలో మొదలైన ఒక కొలత కథ

మన ఇళ్లల్లో ఒక రూల్ ఉంది. పిల్లాడికి ఏది కొన్నా ఒక సైజు పెద్దదే కొనాలి. స్కూలు చొక్కా, చెప్పులు, సైకిలు, చివరికి క్రికెట్ బ్యాటు కూడా. "ఎదిగే పిల్లాడు, వచ్చే ఏడాదికి సరిపోతుందిలే" అంటారు. చొక్కా సరిపోయేసరికి మోచేతుల దగ్గర చిరిగిపోయి ఉంటుంది. బ్యాటు సరిపోయేసరికి మనం ఎంసెట్ కోచింగ్‌లో ఉంటాం.

ఒంగోల్లో నేనూ అలాగే పెరిగాను. అందుకేనేమో, ఇరవై ఏడేళ్లొచ్చి, సొంత జీతంతో కొనుక్కున్న గోల్ఫ్ కర్ర కూడా రెండంగుళాలు పెద్దదైతే నాకు అనుమానమే రాలేదు. వస్తువు సరిగ్గానే ఉంటుంది, మనమే సర్దుకోవాలి అనుకున్నాను. ఏడాది పాటు సర్దుకుంటూనే ఉన్నాను.

గోల్ఫా? ఒంగోలు కుర్రాడికా? నవ్వుకోండి, ఫర్వాలేదు. మా నాన్న కూడా నవ్వాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, టీమ్‌లో ఇద్దరు సీనియర్లకి గోల్ఫ్ పిచ్చి. ఒక శనివారం నన్నూ లాక్కెళ్లారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆట మనం అనుకున్నంత అరుదేం కాదు. గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లా దగ్గర ఒక కోర్సు ఉంది. గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్ ఉంది. విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ ఉంది. బంతిని దూరంగా కొట్టడం నాకు త్వరగానే వచ్చింది, క్రికెట్ ఆడిన చేతులు కదా! నన్ను ఏడిపించింది పట్టర్.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. గోల్ఫ్‌లో ఆటగాడు గరిష్ఠంగా 14 కర్రలు పెట్టుకోవచ్చు. వాటిలో పట్టర్ చివరి పనికి. పచ్చిక నున్నగా కత్తిరించిన గ్రీన్ మీద బంతిని మెల్లగా దొర్లించి గుంతలో వేయాలి. ఆ గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. కోర్సుకి 'పార్' లెక్క కట్టేటప్పుడు ఒక్కో గుంతకి రెండు దెబ్బలు ఈ పట్టర్‌కే కేటాయిస్తారు. పార్ 72 అయితే అందులో 36 దీనివే. ఆటలో సగం అన్నమాట. నేను తప్పుతున్నది ఆ సగంలోనే.

"కామ పెద్దది"

పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు పట్టర్ కూడా తెచ్చాను. మా హాల్లో రెండడుగుల టైల్స్. నాలుగు టైల్స్ దాటితే 8 అడుగులు. ఆ దూరంలో రెండు అగ్గిపెట్టెలు గోల్ పోస్టుల్లా పెట్టి, వాటి మధ్య నుంచి బంతి పంపుతూ కూర్చున్నాను. బంతి మాత్రం పదేపదే కుడి అగ్గిపెట్టెకి అవతల నుంచే పోతోంది.

నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని అరగంట చూశాడు. మిరప, పత్తి వేసి ముప్పయ్యేళ్లు సేద్యం చేసిన మనిషి. గోల్ఫ్ గురించి అక్షరం తెలియదు.

"ఆ కర్ర ఎవరిదిరా?"

"నాదే నాన్నా."

"నీది కాదు. నీ ఎత్తుకి కామ పెద్దది. మోచేతులు చూసుకో, కోడి రెక్కల్లాగా ఎట్టా పైకి లేస్తన్నాయో. పారకి కామ పెట్టేటప్పుడు కూడా మనిషిని నిలబెట్టి చూసి కోస్తారు. ఇంత డబ్బు పోసి కొన్నావు, వాళ్లు నిన్ను నిలబెట్టి చూళ్లేదా?"

చూడలేదు. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ పట్టర్, 35 అంగుళాలు, స్టాండర్డ్ సైజు అని రాసి ఉంటే కొన్నాను. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. ఎవరి స్టాండర్డో అడగాలని నాకు తట్టలేదు.

రెండు మిస్సులు ఒకటి కాదు

హైదరాబాద్ తిరిగెళ్లాక క్లబ్ ఫిట్టింగ్ చేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. దర్జీ చొక్కా కొలతలు తీసినట్టు కర్ర కొలతలు తీసే పని ఆయనది. ఆయన ముందు నా పట్టర్ వైపు చూడనేలేదు. "బంతి ఏ వైపు తప్పుతోంది?" అని అడిగారు.

అన్నీ కుడివైపే అన్నాను. ఆయన నవ్వారు. "అయితే బతికిపోయారు. ఒకే వైపు తప్పుతుంటే కర్రలోనో, నిలబడే తీరులోనో తేడా ఉందేమో చూడాలి. నాలుగు వైపులా తప్పుతుంటే నేనేం చెయ్యలేను, ప్రాక్టీసే."

కోడ్ రాసేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ప్రతిసారీ ఒకేలా వచ్చే తప్పు బగ్. దాన్ని పట్టుకోవచ్చు. ఒక్కోసారి ఒక్కోలా వచ్చేది వేరే జబ్బు. నేను ఏడాది పాటు బగ్‌ని పట్టుకుని "నాకు చేతకాదు" అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, "మనలాంటి వాళ్లకి ఈ ఆట రాదులే" అనుకున్నాను. సైజు తప్పిన వస్తువు చేసే అసలు నష్టం ఇదే. బంతి పోతే పోయింది, మన మీద మనకి నమ్మకం పోతుంది.

చిన్న లెక్క చూడండి. బంతి ఏ దిక్కున బయలుదేరుతుందన్నది చాలా వరకు, తగిలే క్షణంలో పట్టర్ ముఖం ఎటు తిరిగి ఉందన్న దాన్ని బట్టే ఉంటుంది. 8 అడుగుల దూరంలో ముఖం ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే బంతి సుమారు 1.7 అంగుళాలు పక్కకి పోతుంది. గుంతలో సగం 2.1 అంగుళాలు కాబట్టి ఎలాగోలా పడుతుంది. రెండు డిగ్రీలు తిరిగితే 3.4 అంగుళాలు, అంటే అవుట్. ఆ దూరం నుంచి అమెరికా పీజీఏ టూర్ ప్రొఫెషనల్స్ కూడా సుమారు సగమే వేయగలుగుతారు. అలాంటప్పుడు మన చేతిలోని కర్ర కూడా మన మీద కుట్ర చేస్తే ఎలా?

ఏమేం కొలుస్తారు?

పొడవు: మొదటి కొలత ఇదే. షాపుల్లో ఎక్కువగా 33, 34, 35 అంగుళాలవి దొరుకుతాయి. బూట్లేసుకుని, చేతులు వదులుగా కిందకి వదిలి నిటారుగా నిలబడమంటారు. మణికట్టు మడత నుంచి నేల దాకా టేపు పెడతారు. ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి చేతులు పొడవు, ఒకరికి కాళ్లు పొడవు ఉండొచ్చు. తర్వాత పట్ చేసే భంగిమలో వంగమని, చేతులు సహజంగా ఎక్కడ వేలాడుతున్నాయో చూస్తారు. పట్టు అక్కడికే రావాలి.

కళ్లు: వంగి నిలబడ్డాక రెండు కళ్ల మధ్య నుంచి ఒక బంతి వదలమన్నారు. అది కింద ఉన్న బంతి మీదో, దానికి కాస్త లోపలగానో పడాలి. నాది రెండంగుళాలు పాదాల వైపు పడింది. కర్ర పొడవై నేను బంతికి దూరంగా నిలబడాల్సి వచ్చింది. దాంతో గీతను పక్క నుంచి చూస్తున్నాను. నాకు తిన్నగా కనిపించింది నిజానికి తిన్నగా లేదు.

లై: కర్రకీ నేలకీ మధ్య కోణం. సాధారణంగా 70 నుంచి 72 డిగ్రీలు. ఇది తప్పితే పట్టర్ మడమో, ముక్కో గాల్లోకి లేస్తుంది. రూల్స్ ప్రకారం కర్ర నిలువు నుంచి కనీసం 10 డిగ్రీలు వాలి ఉండాలి. లేకపోతే అందరూ కర్రని నిలువుగా పట్టుకుని ఊపేస్తారు.

లాఫ్ట్: పట్టర్ ముఖం చదునుగా కనిపిస్తుంది గానీ 3, 4 డిగ్రీలు పైకి చూస్తుంటుంది. బంతి గడ్డిలో కాస్త దిగి ఉంటుంది కదా, దాన్ని ముందు ఆ గుంట నుంచి లేపాలి. చేతులు మరీ ముందుకు నెడితే ఆ వాలు పోయి బంతి నేలకి కొట్టుకుని ఎగురుతుంది.

బరువు తూగే తీరు: ఇది మీరే చూసుకోవచ్చు. కర్రని ఒక వేలి మీద అడ్డంగా తూచండి. పట్టర్ ముఖం ఆకాశం వైపు తిరిగితే అది ఫేస్ బ్యాలెన్స్‌డ్. ముక్కు కిందకి వాలితే టో హ్యాంగ్. కర్రని తిన్నగా వెనక్కీ ముందుకీ ఊపేవాళ్లకి మొదటిది, తలుపు తెరిచి మూసినట్టు వంపుగా ఊపేవాళ్లకి రెండోది నప్పుతుందంటారు. ఇదేం శాసనం కాదు. రెండూ పట్టుకుని చూడాల్సిందే.

పావుగంటలో తేలింది: నాకు 33 అంగుళాలు చాలు. ఆయన కొత్త పట్టర్ అమ్ముతారనుకున్నాను. అమ్మలేదు. "రెండు వారాలు ఇదే కర్రని రెండంగుళాలు కిందకి పట్టుకుని ఆడండి. బాగుంటే అప్పుడు కోయండి. కోసినదాన్ని మళ్లీ అతికించలేం" అన్నారు.

గ్యారేజీలో పుట్టిన శబ్దం

కర్రని అనుమానించిన మొదటి ఇంజినీర్‌ని నేను కాదు. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీర్. నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టాడు. పట్టింగ్ కుదరలేదు. 1959లో సొంత గ్యారేజీలో తనే ఒక పట్టర్ చేసుకున్నాడు. బంతికి తగిలితే 'పింగ్' మని మోగేది. అదే తర్వాత కంపెనీ పేరైంది.

ఆయన ఆలోచన మనకి కావడితో అర్థమవుతుంది. కావడికి రెండు చివర్లా బిందెలు కట్టాక దాన్ని గిరుక్కున తిప్పడం కష్టం. అదే బరువు మధ్యలో ఉంటే సులువుగా తిరుగుతుంది. పట్టర్ తలలో కూడా బరువుని మడమకీ, ముక్కుకీ పంచేశాడు. అప్పుడు బంతి సరిగ్గా మధ్యలో తగలకపోయినా పట్టర్ అంతగా మెలి తిరగదు. 1966లో ఒక గ్రామఫోన్ రికార్డు కవర్ మీద గీసిన బొమ్మ నుంచి 'ఆన్సర్' అనే మోడల్ వచ్చింది. పట్టర్ మీద పేరు పట్టాలని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తీసేయమని సలహా ఇచ్చింది భార్య లూయిస్. ఇవాళ షాపుల్లో కనిపించే చాలా పట్టర్లు ఆ ఆకారానికి చుట్టాలే. ఎత్తునీ, మణికట్టు నుంచి నేల దాకా దూరాన్నీ బట్టి క్లబ్బులకి రంగు చుక్కలు పెట్టే పద్ధతినీ పింగ్ కంపెనీయే పాపులర్ చేసింది.

మన తీగల సాహిత్

ఇప్పుడు ఆ పింగ్ క్లబ్బులు వాడేవాళ్లలో ఒక తెలుగు పేరుంది. సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లారు. 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. వెన్నెముక పక్కకి వంగి ఉండే స్కోలియోసిస్ అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది. కొట్టేటప్పుడు ఒళ్లు పక్కకి బాగా వాలుతుంది, పుస్తకంలో బొమ్మలా ఉండడు. అలాగే 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. పీజీఏ టూర్‌లో అదే అతని మొదటి టైటిల్.

2024 టూర్ చాంపియన్‌షిప్‌లో ఇసుక బంకర్‌లో బంతి కొట్టబోతూ, వెనక్కి తీసేటప్పుడు క్లబ్ ఇసుకకి తగిలిందని అతనే చెప్పి రెండు దెబ్బల పెనాల్టీ వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానంలో నిలిచాడు. నాకు అతనిలో నచ్చేది ఇదే. తన ఒంటి గురించి గానీ, తన ఆట గురించి గానీ అబద్ధం ఆడడు.

కొలతలే సర్వస్వం అని కూడా అనుకోవద్దు. ఆరడుగుల మిషెల్ వీ వీపుని దాదాపు బల్లలా నేలకి సమాంతరంగా వంచి పట్ చేసేది. చూసినవాళ్లంతా నవ్వారు. 2014లో అలాగే యూఎస్ విమెన్స్ ఓపెన్ గెలిచింది. జపాన్ ఆటగాడు ఇసావో అవోకి పట్టర్ ముక్కు గాల్లోకి లేచి ఉండేది. ఏ చార్టూ అలా పట్టుకోమని చెప్పదు. ఆయన మాత్రం ప్రపంచ స్థాయిలో గెలిచాడు. టేపు మొదటి మాటే చెబుతుంది. చివరి మాట ఒంటిదే.

ఒంగోల్లో ఆపరేషన్

రెండు వారాలు కిందకి పట్టుకుని ఆడాను. అంతా ఒక్కసారిగా మారిపోలేదు. ఇంకా తప్పుతూనే ఉన్నాను, కానీ ఇప్పుడు రెండు వైపులా. నవ్వకండి, అది ప్రోగ్రెస్సే! బగ్ పోయింది, ఇక మిగిలింది ప్రాక్టీస్.

తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంటికొచ్చినప్పుడు కోత పెట్టుకున్నాను. పట్టు రబ్బరు చింపకుండా తీయాలంటే లోపలికి గాలి పంపాలి. మా వీధి చివర పంక్చర్ షాపు కుర్రాడు కంప్రెసర్ గొట్టం పెట్టి బుస్సుమనిపించాడు. రబ్బరు ఊడొచ్చింది. ప్లంబర్ దగ్గర పైపు కట్టర్ అడిగి తెచ్చి పై చివర రెండంగుళాలు కోశాను. రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, టర్పెంటైన్ తడి చేసి రబ్బరు మళ్లీ ఎక్కించాను.

ఇక్కడ ఒక తిరకాసుంది. కర్ర పొట్టిదైతే ఊపేటప్పుడు తల తేలిగ్గా అనిపిస్తుంది. ఒక అంగుళం కోస్తే 'స్వింగ్ వెయిట్' సుమారు 6 పాయింట్లు పడిపోతుంది. ఒక్కో పాయింటు వెనక్కి తేవాలంటే తల దగ్గర దాదాపు 2 గ్రాములు కలపాలి. రెండంగుళాలకి 24 గ్రాములు. వీల్ బ్యాలెన్సింగ్ షాపులో రిమ్‌కి అంటించే 5 గ్రాముల ముక్కలు అయిదు తెచ్చి అడుగున అంటించి చూశాను. బరువు సరిపోయింది. అది ట్రయల్‌కి మాత్రమే. తర్వాత లెడ్ టేప్ తెప్పించాను, రూల్స్ ఒప్పుకునేది దాన్నే.

ఒక్క హెచ్చరిక. లై, లాఫ్ట్ మాత్రం ఇంట్లో వంచడానికి ప్రయత్నించకండి. కొన్ని పట్టర్ల మెడ పుటుక్కున విరుగుతుంది. దానికి మెషిన్ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి.

నాన్న కర్ర

పని అయ్యాక టేపు ఇంకా చేతిలోనే ఉంది. నాన్న కుర్చీలోంచి లేస్తున్నాడు. రెండేళ్లుగా నడుము నొప్పి, చేతికర్ర లేకుండా నడవడం లేదు. మందుల షాపులో కొన్న అల్యూమినియం కర్ర. లేచి అడుగేస్తుంటే కుడి భుజం చెవి దాకా లేచింది. మోచేయి కోడి రెక్కలా.

నన్ను అరగంటలో కనిపెట్టిన మనిషి. నేను రెండేళ్లుగా చూస్తున్నాను, చూడనేలేదు.

"నాన్నా, ఒక్క నిమిషం నిలబడు. చేతులు వదిలెయ్."

"ఎందుకురా?"

చేతికర్ర లెక్క కూడా అదే. చెప్పులేసుకుని నిలబడితే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరకి రావాలి. పిడి పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగాలి. ఆ కర్ర మూడంగుళాలు ఎక్కువుంది. కోసే పని కూడా లేదు. కింద బటన్ నొక్కితే లోపలికి పోయే రకం. షాపులో ఇచ్చినప్పుడు ఏ చిల్లులో ఉందో రెండేళ్లూ అదే చిల్లులో ఉంది.

మూడు చిల్లులు దించాను. గేటు దాకా వెళ్లొచ్చాడు. భుజం లేవలేదు.

"బాగుందిరా," అన్నాడు. కాసేపాగి, "మందు కొట్టే ట్యాంకు పదహారు లీటర్లు. పొడుగోడికీ అదే, పొట్టోడికీ అదే. ఆ పట్టీలు నా ఒంటికి ఎప్పుడూ కుదిరి చావలేదు. మమ్మల్ని ఎవరు నిలబెట్టి కొలిచారు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నడుము నొప్పి ఒక్క ట్యాంకు వల్లే వచ్చిందని నేనూ అనను, డాక్టరూ అనలేదు. కానీ సరదాగా ఆడుకునే కర్రకి ఇంత శాస్త్రం, ఇన్ని డిగ్రీలు, ఇన్ని గ్రాములు ఉన్నప్పుడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీపున మోసే ట్యాంకుకి కనీసం పట్టీ సరిచేసుకోమని చెప్పేవాళ్లు ఎందుకు లేరు?

మీరు గోల్ఫ్ ఆడకపోవచ్చు. అయినా ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో అమ్మమ్మదో, తాతయ్యదో చేతికర్ర ఉంటే వాళ్లని నిలబెట్టి మణికట్టు దాకా కొలవండి. మీ ఆఫీసు కుర్చీ ఎత్తు చూసుకోండి. తమ్ముడికి బ్యాటు కొంటుంటే వచ్చే ఏడాది సైజు కాకుండా ఈ ఏడాదిది కొనండి. ఏదైనా పదేపదే తప్పుతుంటే, "నాకు రాదు" అనుకునే ముందు ఒక్కసారి టేపు తీయండి.

నా పట్టర్ ఇప్పుడు 33 అంగుళాలు. కోసిన రెండంగుళాల ముక్క నాన్న కిటికీలో పెట్టుకున్నాడు. పారేద్దామంటే ఒప్పుకోలేదు. "ఉండనీరా, ఇది నీకు అక్కర్లేని పొడుగు" అన్నాడు.